కంచె బయట కుర్చీ

తాళ్లు పేనే షెడ్డు పొడవు నూట ఎనభై అడుగులు. వెడల్పు పట్టుమని పన్నెండు అడుగులు కూడా ఉండదు. ఒక కొసన నిలబడి పిలిస్తే రెండో కొసన ఉన్నవాళ్లకు సగం మాటే చేరుతుంది. అలాంటి షెడ్డులో పుట్టి పెరిగింది కాబట్టి ఆమెకు గొంతు పెంచి మాట్లాడటం పసితనం నుంచే అలవాటైపోయింది. బజారులో అందరూ ఆమెను తాళ్లక్క అనేవాళ్లు. తాళ్లక్క గుసగుసలాడితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుందని వేళాకోళం చేసేవాళ్లు. ఆమె మొగుడు దీనికి పూర్తి వ్యతిరేకం. మనిషి ఇంతెత్తున, లారీకి కట్టే మోకులా ఉండేవాడు. అందుకే మోకు అనే పేరు పడి, చివరికి అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. మాట మాత్రం దూదిలా మెత్తన. అదీ అవసరమైతేనే.

ఆమె నాన్న రోజుల్లో షెడ్డు వెనకున్న రెండెకరాల్లో నారమొక్క వేసేవాళ్లు. మనిషికి రెండింతల ఎత్తు పెరిగే మొక్క అది. కాగితాల్లో దాన్ని హెంప్ అంటారు. కిట్టనివాళ్లు గంజాయి అంటారు. జాతి ఒకటే అయినా ఇందులో మత్తు లేదు. "ఇది పీలిస్తే దగ్గొస్తుంది గానీ మత్తు రాదయ్యా" అని ఆమె నాన్న అడిగినవాళ్లకల్లా చెప్పేవాడు. కాండాలు కోసి, కట్టలు కట్టి, కుంటలో ఊరవేసి, నానిన బెరడు నుంచి నార తీసి, ఇనుప దువ్వెనతో దువ్వి, షెడ్డులో ఈ కొస నుంచి ఆ కొసకు వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనేవాళ్లు. పడవలవాళ్లు ఆ తాడు తప్ప వేరేది ముట్టేవాళ్లు కాదు.

ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు కొత్త చట్టం వచ్చింది. నారమొక్కకూ గంజాయికీ తేడా లేదంది. మొక్క ఉండకూడదు, ఆకు ఉండకూడదు, విత్తనం కూడా ఉండకూడదు. నాన్న తన చేత్తోనే చేను తగలబెట్టాడు. కానీ ముత్తాత కాలం నుంచి ఏరి ఏరి దాచుకుంటూ వచ్చిన విత్తనం ఒక సంచెడు ఉంది. దాన్ని నిప్పులో పోయడానికి చేతులు రాలేదు. అటక మీద, తాడు పేనే పాత చక్రాల వెనక దాచాడు.

వారం తిరక్కుండానే సోదాకు వచ్చారు. సంచి దొరికింది. "ఎవరిది ఇది?" అని అడిగారు. నాన్న ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఆయనకు అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చింది. ఇంట్లో తల్లిలేని ఆడపిల్లలు ముగ్గురు. ఈలోగా చక్రం దగ్గర పనిచేస్తున్న ఇరవై నాలుగేళ్ల పనివాడు చేతికంటిన పీచు దులుపుకుని ముందుకొచ్చాడు.

"నాది" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఎనిమిది నెలలు జైలు. తిరిగొచ్చిన రోజు నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి అతని రెండు చేతులూ పట్టుకుని, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మరుసటి ఏడు పెద్ద కూతుర్ని ఇచ్చి పెళ్లి చేశాడు. రుణం తీర్చుకోవడానికి పిల్లనిచ్చాడని నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. ఆమెను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆయన "నాది" అన్న నాడే తన మనసులో పెళ్లయిపోయిందని చెప్పి ఉండేది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ నైలాన్ దారంతో తాళ్లు పేని బతికారు. ఒక కూతుర్ని కన్నారు, పెంచారు, చదివించారు. నాన్న పోయాడు. నైలాన్ తాడంటే మోకుకు మొదటినుంచీ సరిపడేది కాదు. "చేతిలో నిలవదే ఇది, పాములా జారిపోతుంది" అనేవాడు. జైలు సంగతి మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె ఒకటి రెండుసార్లు ఎత్తబోతే లేచి చక్రానికి నూనె వేయడానికి వెళ్లిపోయాడు.

నలభై రెండేళ్లకు చట్టం మళ్లీ మారింది. హెంప్ వేసుకోవచ్చు, కాకపోతే లైసెన్సు తీసుకోవాలి. ఈ కబురు తెచ్చింది కూతురు. రెండు వీధుల అవతల ఆమెకు జిరాక్సు కొట్టుంది. ఊళ్లో సగం మంది దరఖాస్తులు ఆమె చేతిమీదుగానే పోతాయి. ఆమె ఇరవై ఆరు పేజీల నిబంధనలు ముద్రించి తెచ్చి చదువుతుంటే, మోకు అన్నం తినడం ఆపి విన్నాడు. చేనుకు పటం కావాలి. చుట్టూ ఆరడుగుల కంచె, ఒకే ఒక్క గేటు, గేటు మీద కెమెరా. ప్రభుత్వం ఒప్పుకున్న విత్తనమే చల్లాలి. కోతకు ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి పైకొమ్మలు కత్తిరించి ల్యాబుకు పంపాలి. మత్తు పదార్థం వెయ్యిలో మూడు వంతుల కన్నా వెంట్రుకవాసి ఎక్కువున్నా పంటంతా నాశనం చేయాలి. కోతకు ఒక అనుమతి, కాండం గేటు దాటడానికి ఇంకో అనుమతి, తాడు అమ్మడానికి మరో లైసెన్సు.

"ఇన్ని తిప్పలు పడి తాడు పేనే బదులు, ఈ కాగితాలే పేనితే అంతకన్నా పెద్ద తాడవుతుంది" అంది తాళ్లక్క.

మోకు నవ్వలేదు. లేచి వెళ్లి, మంచం కింద గోనెలో చుట్టి ఉన్న ఇనుప దువ్వెన బయటికి తీశాడు. తుప్పు పట్టిన పళ్లను ఒక్కొక్కటే ఇసుక కాగితంతో రుద్దుతూ మూడు రోజులు కూర్చున్నాడు. అది చూసి ఇక ఆమె అడ్డు చెప్పలేదు.

దరఖాస్తు నింపుతూ కూతురు ఒకచోట ఆగింది. "నాన్నా, ఇక్కడో ప్రశ్న ఉంది. మత్తు పదార్థాల కేసులో ఎప్పుడైనా శిక్ష పడిందా అని."

"పడిందని రాయి."

"నలభై ఏళ్లు దాటింది నాన్నా. ఎవరు తవ్వి చూస్తారు?"

"ఎప్పుడైనా అని కదమ్మా అడిగారు. రాయి."

దరఖాస్తు తిరిగొచ్చేసింది. ఈసారి తాళ్లక్క పేరు మీద పెట్టారు. కాళ్లకు బలపాలు కట్టుకున్నట్టు ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా ఏడో నెలలో లైసెన్సు వచ్చింది. దానిమీద షరతులున్నాయి. ఆరో షరతు ఇలా ఉంది: లైసెన్సుదారు భర్త గతంలో శిక్షపడిన వ్యక్తి అయినందున, సాగుస్థలంలోకి ఏ కారణం చేతనైనా ప్రవేశించరాదు, పంటను గానీ, పంటభాగాలను గానీ తాకరాదు.

కూతురు దాన్ని రెండుసార్లు చదివింది. ఇంట్లో నారమొక్క గురించి తెలిసిన మనిషి ఆయనొక్కడే. తాళ్లక్కకు పేనడం వచ్చు, పెంచడం రాదు. ఆమె నాన్న ఆడపిల్లల్ని చేలోకి రానిచ్చేవాడు కాదు. విత్తు నుంచి నార దాకా ఆయన విద్యంతా నేర్చుకున్నది మోకే.

"ఒద్దులే, వదిలేద్దాం" అంది తాళ్లక్క.

"వదిలేయడం దేనికి? లోపలికి వెళ్లొద్దన్నారు. బయట కూర్చోవద్దనలేదుగా" అన్నాడు మోకు. షెడ్డులో ఉన్న ఇనుప కుర్చీ మోసుకెళ్లి గేటు పక్కన, కంచెకు జానెడు ఇవతల వేసుకున్నాడు.

అలా మొదలైంది ఆ సంవత్సరం. లోపల ఆమె, బయట ఆయన. మధ్యలో ఇనుప వల.

"అంత దూరం దూరం చల్లకు, చెట్టు బలిసి కొమ్మలేస్తుంది. ఒత్తుగా చల్లితే ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నగా లేస్తాయి. నార పొడుగు అక్కడుంది."

"ఇంతొత్తా?"

"పిడికిట్లో ఇంకాస్త తియ్యి. నలభై ఏళ్లకు నీ చెయ్యి పొదుపు నేర్చింది."

"నీతో కాపురం చేసి నేర్చింది!"

రోడ్డున పోయేవాళ్లు నిలబడి చూసి నవ్వుకునేవాళ్లు. మోకు ఊపిరితిత్తులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. చిన్నప్పటి నుంచి పీల్చిన పీచు దుమ్ము ఊరికే పోలేదు. గట్టిగా అరిస్తే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అందుకని ఆమె లోపలి నుంచి పెద్దగా అడిగేది, ఆయన వేళ్లతో, తలతో జవాబు చెప్పేవాడు. ఎప్పుడైనా మాట అవసరమైతే ఆమె కంచె దాకా వచ్చి వలకు చెవి ఆనించేది. పొద్దున్నే కుర్చీలో కూర్చోబోయే ముందు ఆయన కెమెరా వైపు చూసి సలాం కొట్టేవాడు.

"దానికెందుకయ్యా దండాలు?"

"రోజంతా నన్నే చూస్తూ ఉంటుంది పాపం. పలకరించకపోతే బాగుండదు."

మొక్క నడుమెత్తు వచ్చింది, భుజమెత్తు వచ్చింది, మనిషిని దాటింది. చేను లోపలికి వెళ్తే ఆమె ఆయనకు కనబడేది కాదు. అప్పుడాయన కళ్లు మూసుకుని వినేవాడు. గాలికి మొక్కలు చేసే చప్పుడు విని, "ఇంకా పచ్చిగా ఉంది, నీరు మోస్తోంది" అనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోటి నుంచి అన్ని మాటలు ఆమె ఎప్పుడూ వినలేదు. తన నాన్న ఎలా నడిచేవాడో, ఏ మొక్కను చూసి ఏమనేవాడో, చక్రం దగ్గర కూర్చుని చిన్నప్పుడు తను పాడిన పిచ్చి పాటలేమిటో అన్నీ ఆయన చెప్తుంటే, కంచెకు అటువైపు కలుపు పీకుతూ వినేది. చేతిలో పని ఉన్నా, నడుం నొప్పిగా ఉన్నా, ఆ రోజులు అలాగే సాగిపోతే బాగుండుననుకునేది.

ఇన్‌స్పెక్టర్ చిన్న వయసు అమ్మాయి. పదిహేను రోజులకోసారి వచ్చేది. టేపుతో కంచె కొలిచేది, గేటు తాళం లాగి చూసేది, కెమెరా రికార్డు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకునేది. పనిలో నిక్కచ్చి, మాటలో మర్యాద. మోకును బాబాయ్ గారూ అని పిలిచేది. ఒకరోజు ఆమె కత్తెరతో పైకొమ్మ కత్తిరిస్తుంటే తాళ్లక్క అడిగింది.

"తల్లీ, ఒక్క కాడ బయటికి ఇవ్వు. ఆయన విరిచి చూస్తే నార ఎంతొచ్చిందో చెప్తాడు. నువ్వుండగానే చూసి నీకే ఇచ్చేస్తాడు."

ఇన్‌స్పెక్టర్ కత్తెర ఆపి కంచె వైపు చూసింది. మోకు అప్పటికే చేతులు ఒళ్లో పెట్టుకుని వేరేవైపు తిరిగి కూర్చున్నాడు.

"నా చేత్తో నేను ఇవ్వలేనమ్మా. ఏమీ అనుకోకండి."

"దాందేముందమ్మా, అడగటం ఆమె తప్పు" అన్నాడు మోకు అటువైపు నుంచే.

కానీ ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఆరో షరతు సడలించమని దరఖాస్తు ఎలా రాయాలో కూతురికి చెప్పింది. అది వెళ్లింది. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది.

నమూనాలు ల్యాబుకు వెళ్లాయి. పదో రోజున ఫలితం వచ్చింది. ఉండొచ్చన్న దాంట్లో సగం కూడా లేదు మత్తు పదార్థం. మరో నాలుగు రోజుల్లో కోసుకోవచ్చని తేదీ ఇచ్చారు. ఆ కాగితాన్ని మోకు చొక్కా జేబులో పెట్టుకుని, అరగంటకోసారి తీసి చూసుకున్నాడు.

కోతకు ముందురోజు ఎండ నిప్పులు చెరిగింది. చేను మధ్యలో మొక్కలు కోతకొచ్చిన గుర్తుగా పుప్పొడి రాలుస్తున్నాయో లేదో చూసి రమ్మని మోకు చెప్పాడు. కాస్త చల్లబడ్డాక వెళ్లమన్నాడు కూడా. ఆమె వింటేనా! పదకొండింటికే లోపలికి వెళ్లింది. పది అడుగుల ఎత్తున ఒత్తుగా నిలబడ్డ మొక్కల మధ్య గాలి కదలదు. కుండలో కూర్చున్నట్టు ఉంటుంది. ఏవో పసుపు రంగు చుక్కలు కళ్లముందు తిరగడం ఆమెకు గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు, చేతికి సెలైన్ సూది, పక్కన కూతురు.

"నాన్నేడీ?" అంది.

"పక్క వార్డులో ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టారు. బానే ఉన్నాడు, నువ్వు పడుకో."

"ఆయనకేమైంది?"

కూతురు తలదించుకుంది. "నిన్ను బయటికి తెచ్చింది నాన్నే అమ్మా."

ముందుగా తాళ్లక్క నోటి నుంచి వచ్చిన మాట, తర్వాత ఎన్నోసార్లు తలుచుకుని సిగ్గుపడిన మాట, ఇదే: "కెమెరా చూసిందా?"

చూసింది. ఇద్దరూ ఆసుపత్రిలో ఉండటంతో కోత ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ కోత అనుమతి కోసం రికార్డు తీసుకున్నప్పుడు అదీ అందులో ఉంది. ఆ అమ్మాయి రెండు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టిందట. మూడో రోజు రిపోర్టు రాసింది. రాయకపోతే ఆమె ఉద్యోగం పోతుంది, రికార్డేమో పోదు.

విచారణకు ఇద్దర్నీ పిలిచారు. పొడుగాటి బల్ల, దానిమీద మూత పెట్టిన నీళ్ల గ్లాసులు, అటువైపు ముగ్గురు అధికారులు. మధ్యలో ఉన్నాయన ల్యాప్‌టాప్‌ను వీళ్లవైపు తిప్పాడు.

ముందు ఖాళీ గేటు. పక్కన ఖాళీ కుర్చీ. గేటు ముందు మోకు నిలబడి లోపలికి చూస్తూ నోరు తెరిచి అరుస్తున్నాడు. బొమ్మకు శబ్దం లేదు. ఒకసారి అరిచాడు, మోకాళ్ల మీద చేతులు ఆనించి దగ్గాడు. మళ్లీ అరిచాడు. మూడోసారి అరిచి, ఆగి, తలెత్తి తిన్నగా కెమెరాలోకి చూశాడు. రెండు చేతులూ పైకెత్తి, ఖాళీగా ఉన్నాయి చూడు అన్నట్టు అరచేతులు చూపించాడు. అప్పుడు గేటు తోసుకుని లోపలికి వెళ్లాడు. మొక్కలు కదిలాయి, మూసుకున్నాయి. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వీపు కనబడింది. షెడ్డులో తాడు పేనేటప్పుడు నడిచినట్టే వెనక్కి వెనక్కి నడుస్తూ, ఆమె చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొస్తున్నాడు. ఆమె తల ఆయన పొట్టకు ఆని ఊగుతోంది. గేటు దాటాక ఆమెను కుర్చీ నీడలో పడుకోబెట్టి, తన చొక్కా విప్పి ఆమె ముఖం మీద విసిరాడు. విసురుతూ విసురుతూ పక్కకు ఒరిగిపోయాడు.

మధ్యలో ఉన్నాయన ల్యాప్‌టాప్ మూయబోయాడు.

"మళ్లీ ఒక్కసారి వేస్తారా బాబూ?" అంది తాళ్లక్క.

ఆయన వేశాడు.

రెండోసారి అయ్యాక ఆమె లేచి నిలబడింది. ఎప్పుడూ గోడలదిరేలా మాట్లాడే మనిషి ఆ రోజు మెల్లగా చెప్పింది. "అయ్యా, ఆ రోజు దొరికిన సంచి మా నాన్నది. దాచింది మా నాన్న. ఈయనకు ఏ పాపమూ తెలియదు. మా నాన్నను కాపాడటానికి తన మీద వేసుకున్నాడు. నేను కళ్లారా చూశాను."

మధ్యలో ఉన్నాయన కళ్లజోడు తీశాడు. "ఏమండీ, ఆవిడ చెప్పేది నిజమేనా?" అని మోకును అడిగాడు.

మోకు లేచి నిలబడ్డాడు. ఊపిరి కూడదీసుకోవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు.

"కాదండీ. ఆ సంచి నాదే."

తాళ్లక్క తిరిగి కూర్చుంది. అధికారి కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి కళ్లజోడు పెట్టుకున్నాడు. ప్రాణం కాపాడటానికి వెళ్లినా వెళ్లడం వెళ్లడమేననీ, ఇలాంటి వాటికి మినహాయింపు ఇచ్చే అధికారం తమకు లేదనీ, పైకి రాస్తామనీ చెప్పాడు. ఈలోపు లైసెన్సు ఆపేస్తున్నామన్నాడు. లైసెన్సు లేని పంట నేల మీద నిలబడకూడదు. పది రోజుల్లో దున్నించాలి.

తాళ్లక్క బస్టాపు దాకా ముందు నడిచింది. అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక ఉండబట్టలేకపోయింది.

"ఎందుకన్నావయ్యా ఆ మాట? నేను మా నాన్న పరువు తీసి బల్లమీద పెట్టాను. నువ్వు ఔనంటే చాలు గదా! ఏం పోయేది నీకు?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. "ఇన్నేళ్లు మోశానే. ఇప్పుడు దింపితే ఎక్కడ పెట్టను? చచ్చిపోయిన ఆయన నెత్తిన పెట్టనా?"

"నా సంగతేంటి మరి? మన చేను సంగతేంటి?"

"ఆ రోజు ఆ మాట అన్నాక, జైలుకు తీసుకెళ్తుంటే, షెడ్డు కిటికీలోంచి నువ్వు చూశావు. ఎనిమిది నెలలూ ఆ చూపు పట్టుకునే బతికాను. ఆ చూపు తెచ్చిపెట్టిన మాట అబద్ధమని వాళ్ల కాగితంలో రాయించమంటావా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సొచ్చింది.

దున్నే రోజు ట్రాక్టర్ పొద్దున్నే వచ్చింది. ఇన్‌స్పెక్టర్, ఇద్దరు సాక్షులు, ఒక ఫొటో తీసేవాడు. మోకు కుర్చీలోనే కూర్చున్నాడు. ఇంట్లోకి పొమ్మని కూతురు ఎంత చెప్పినా కదల్లేదు. పది అడుగుల మొక్కలు ట్రాక్టర్ ముందు వరసలు వరసలుగా వంగి, విరిగి, కిందికి పోయాయి. పచ్చి వాసన వీధంతా నిండింది. చక్రాల కింద కాండాలు విరుగుతున్న చప్పుడు వింటూ మోకు ఒకసారి తలాడించాడు.

"విన్నావా? పీచు తెగకుండా సాగుతోంది. మంచి నార పట్టిందే" అన్నాడు మెల్లగా.

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనబడిన సంతోషాన్ని ఆమె భరించలేకపోయింది. షెడ్డులోకి పారిపోయి, రెండో కొస దాకా నడిచి, గోడకు నుదురు ఆనించి నిలబడింది.

చలికాలం వచ్చేసరికి మోకు మంచం పట్టాడు. డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో దీపానికెదురుగా పెట్టి చూపిస్తూ, తెల్లగా ఉన్నదంతా పీచు దుమ్మేనన్నాడు. ఆమె నోట్‌బుక్ కొనుక్కుని ఆయన పక్కన కూర్చుంది. విత్తనం దగ్గరనుంచి అడగడం, రాసుకోవడం. ఆయనా ఓపికగా చెప్పాడు. కుంటలో ఊరవేయడం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

"ఎన్నో రోజున బయటికి తీయాలి?"

"రోజులతో కాదే. నీటి వేడిని బట్టి. ఏడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం వాసన చూడాలి. వాసన మారుతుంది. మారిన పూటే తీసేయాలి. ఒక్క పూట ఆలస్యమైతే నార కుళ్లిపోతుంది."

"ఎలా మారుతుంది?"

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మొదట కంపు కొడుతుంది. తర్వాత... ఆ కంపులోనే ఏదో తీపి వస్తుంది."

"తీపి అంటే? పండు లాగానా? బెల్లం లాగానా?"

"అలా కాదు. మీ నాన్న నా తల పట్టుకుని నీళ్ల మీదికి వంచి, ఇదిగో ఇదీ అన్నాడు. అంతే. పక్కన నిలబడి చూపించాలి గానీ, మంచంలో పడుకుని ఎలా చెప్పేది?"

నోట్‌బుక్‌లో ఆ పేజీలో "తీపి" అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది. మూడు వారాలకు ఆయన ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట, ఆమె టీ తెచ్చుకోవడానికి క్యాంటీన్‌కు వెళ్లిన పది నిమిషాల్లో పోయాడు. ఆమె రెండు గ్లాసులతో వచ్చింది.

తర్వాతి ఏడు లైసెన్సు తిరిగిచ్చారు. మానవతా దృష్టితో అని రాశారు. ఆఫీసులో గుమాస్తా పాత షరతులన్నీ కొత్త కాగితం మీదికి ఎక్కిస్తూ, ఆరో దాని దగ్గర ఆగి తలెత్తాడు.

"అమ్మా, ఈ షరతులో ఉన్నాయన..."

"లేడు."

గుమాస్తా చిన్నబోయి ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

వేయొద్దని కూతురు బతిమాలింది. తాళ్లక్క వినలేదు. నోట్‌బుక్ కంచెకు తగిలించుకుని ఒత్తుగా చల్లింది. మొక్క బాగా లేచింది, ల్యాబు దాటింది, తేదీ ప్రకారం కోత అయింది, అనుమతి తీసుకుని కట్టలు గేటు దాటించి కుంటలో ఊరవేసింది. ఏడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం కుంట ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని, నీళ్ల మీదికి వంగి వాసన చూసింది. ఏడో రోజు కంపు. ఎనిమిదో రోజు కంపు. తొమ్మిదో రోజు పొద్దున ఏదో మారినట్టనిపించింది. మారిందో, తన మనసు అలా కోరుకుంటోందో తెలియలేదు. సాయంత్రం దాకా చూద్దామనుకుంది. సాయంత్రం కూడా తేల్చుకోలేకపోయింది. పదో రోజు పొద్దున నీళ్లలోకి దిగి ఒక కట్ట విప్పి, కాండం మీద బెరడు పట్టుకుని లాగింది. నార తడిసిన కాగితంలా చేతిలో ముక్కలైపోయింది.

ఇంకో కట్ట విప్పింది. ఇంకోటి. అన్నీ అంతే.

ఎంత బరువు నార వచ్చిందో రాసుకోవడానికి ఇన్‌స్పెక్టర్ ఆ రోజే వచ్చింది. ఒడ్డు మీద నిలబడి, నడుము లోతు నీళ్లలో ఉన్న ఆమెను చూసింది. తాళ్లక్క రెండు గుప్పెళ్ల నిండా కుళ్లిన పీచు పట్టుకుని ఎత్తి చూపించింది.

"నాకు తెలియలేదమ్మాయ్. నిన్న పొద్దునే తీయాల్సింది. ఆయనుంటే ఒడ్డునుంచే చెప్పేవాడు. నాకు తెలియలేదు."

ఆసుపత్రిలో ఏడవలేదు ఆమె. తర్వాత వచ్చిపోయిన జనం ముందూ ఏడవలేదు. ఆ రోజు మాత్రం నీళ్లలో నిలబడి పెద్దగా, ఆ పెద్ద గొంతుతోనే, వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు గట్టు మీద పెట్టింది. చెప్పులు విడిచి, పైజమా మడుచుకుని నీళ్లలోకి దిగింది. కట్టకు ఒకవైపు తను పట్టుకుంది. కాసేపటికి తాళ్లక్క రెండోవైపు పట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఒక్కొక్క కట్టే గట్టు మీదికి చేరవేశారు. విప్పిన ప్రతి కట్టలోనూ తాళ్లక్క ఒక కాండం తీసి లాగి చూసింది. తాడుకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.